వడ్డీ గడిలో గీత

"అమ్మా, శనివారం ఆరో వెళ్దాం" అంది మా అమ్మాయి.

నేను స్పెయిన్‌లో బిల్బావోలో దిగి అప్పటికి నాలుగు రోజులు. మధ్యాహ్నం నిద్ర, రాత్రి జాగారం ఇంకా వదల్లేదు. చూసిన ఊళ్లు రెండే, అప్పుడే ఆరోది ఏందే అన్నాను. అది పడీ పడీ నవ్వింది. ఊరి పేరే అదట. రాయడం హారో అని రాస్తారు, స్పెయిన్ వాళ్లు మొదట్లో 'హ' పలకరు కాబట్టి ఆరో. మర్నాడు ఫోన్లో మా ఆయనకి చెబితే ఆయనా అదే జోకు వేశాడు. ముప్ఫై ఏళ్ల కాపురంలో మా ఇద్దరికీ ఒకే మాట తట్టడం అరుదు.

అక్కడ ఏముంది అంటే వైన్ అంది. నేను మొహం అదోలా పెట్టాను. నాకు తెలిసిన వైన్ అంటే గుంటూరులో 'వైన్స్' అని బోర్డు పెట్టిన కొట్లు, వాటి ముందు సాయంత్రం ఏడు దాటాక నడవలేని పేవ్‌మెంటు. ఆ కొట్లలో వైన్ తప్ప మిగతావన్నీ దొరుకుతాయని కూడా విన్నాను. "తాగమనడం లేదమ్మా, గోడౌన్ చూద్దువుగాని" అంది. గోడౌన్ అంటే నేను వస్తానని దానికి తెలుసు.

నా సంగతి తెలియనివాళ్లకు ఒక మాట. పట్నంబజారులో మాది బియ్యం కొట్టు. తాతయ్య పెట్టాడు, నాన్న నిలబెట్టాడు, ఇప్పుడు తమ్ముడు చూసుకుంటున్నాడు. కొట్టు వాడిది, లెక్కలు నావి. పెళ్లయి బ్రాడీపేట వచ్చేసినా రోజూ మధ్యాహ్నం రెండు గంటలు వెళ్లి కూర్చుంటాను. అమ్మ ఇప్పటికీ కొట్టు పైనే ఉంటుంది. పోయిన వేసవిలో నేను స్పెయిన్ విమానం ఎక్కేటప్పటికి తమ్ముడికీ నాకూ మాటలు తగ్గి నెల దాటింది. గొడవ పాత బియ్యం గురించి.

పాత బియ్యం అంటే పట్నాల్లో పెరిగిన పిల్లలకి ఏదో మిగిలిపోయిన సరుకులా వినిపిస్తుంది కానీ, మన వైపు తినేవాళ్లకి తెలుసు. సంక్రాంతికి వచ్చిన కొత్త బియ్యం వండితే ముద్దవుతుంది. కొంచెం నీళ్లు ఎక్కువైతే గంజి, తక్కువైతే పలుకు. అదే బియ్యం ఏడాది నిలవుంటే ఎక్కువ నీళ్లు పీల్చుకుంటుంది, సేరు బియ్యానికి అన్నం ఎక్కువ వస్తుంది, మెతుకు మెతుకుకి అంటదు. గింజలో ఉన్న పిండిపదార్థం, మాంసకృత్తులు, కొవ్వు నెమ్మదిగా మారడం వల్ల ఇలా అవుతుందని ఈ మధ్యే చదివాను. నాన్నకి ఈ మాటలేవీ తెలియవు. గింజ పంటి కింద పెట్టి కొరికి, "ఇంకో మూడు నెల్లు" అనేవాడు.

మా దగ్గర అమ్మేది ఎక్కువగా బీపీటీ. మన బాపట్లలో పుట్టిన వంగడం, 1986లో విడుదలయింది, 5204 నంబరు. సాంబ మసూరి దాని అసలు పేరు. సోనా మసూరి అని పేరు పెట్టి హైదరాబాదులో, అమెరికాలో అమ్మేవాటిలో చాలా బస్తాల్లో ఉండేది ఇదే. నాన్న ప్రతి సంక్రాంతికీ కొన్ని వందల బస్తాలు కొని వెనక గోడౌన్‌లో ఆపేవాడు. వాటి జోలికి మళ్లీ సంక్రాంతి దాకా వెళ్లేవాళ్లం కాదు. అమ్మేది పోయినేడు ఆపినవి. అలా ఒక వరస నడుస్తూ ఉండేది.

తమ్ముడి వాదన వేరు. ఇప్పుడు స్టీమ్ బియ్యం వచ్చాయి. మరపట్టే ముందు ధాన్యానికి కాసేపు ఆవిరి పట్టిస్తే కొత్తవైనా అన్నం పొడిపొడిగానే వస్తుంది. ఏడాది పని ఒక పూటలో. "అక్కా, తినేవాడికి తేడా తెలియనప్పుడు మనం ఏడాది డబ్బు ఎందుకు పాతేసుకోవాలి?" అన్నాడు. వాడు చెప్పింది తప్పని నేను ఒక్క అంకెతో కూడా నిరూపించలేకపోయాను. అదే నా కోపం. ఏప్రిల్‌లో వాడు ఆపిన సరుకంతా ఒకేసారి అమ్మేసి, తెనాలి దారిలో ఒక మిల్లులో వాటాకి అడ్వాన్స్ ఇచ్చాడు. నాకు చెప్పలేదు. బ్యాంకు స్టేట్‌మెంట్ చెప్పింది.

సరే, ఆరో.

బస్సులో గంట పైచిలుకు. కొండలు దాటి దిగగానే వాన ఆగిపోయి ఎండ వచ్చింది. కింద ఎబ్రో నది, దాని ఒడ్డున ద్రాక్ష తోటలు. మన నాసిక్ వైపు పందిళ్లలా కాదు, మోకాలెత్తు మొద్దులు, వాటి మీద లేత చిగురు. ఊరు చిన్నది. 1890లోనే ఇక్కడ వీధిదీపాలకి కరెంటు వచ్చిందట, స్పెయిన్‌లో తొలి ఊళ్లలో ఇదొకటి. "దీపాలు కనపడుతున్నాయి, ఆరో వచ్చేశాం" అని వాళ్లకో నానుడి. అంత చిన్న ఊరికి అంత డబ్బు ఎక్కడిదంటే వైన్ వల్లే. ఫ్రాన్సు తోటలకి ఫిలాక్సెరా అనే పేను లాంటి పురుగు పట్టి వేళ్లు తినేస్తే, అక్కడి బోర్డో ఊరి వ్యాపారులు సరుకు కోసం ఇటొచ్చారు. రైలు స్టేషన్ పక్కనే వరసగా గోడౌన్లు లేచాయి. ఈ రోజుకీ ఆ పేటని స్టేషన్ పేట అనే పిలుస్తారు. మన మిర్చి కోల్డ్ స్టోరేజీలు హైవే పట్టుకుని వరసగా ఉన్నట్టే.

మేం వెళ్లింది అందులో ఒక పాత కుటుంబానిది, లోపెజ్ దె ఎరేదియా. 1877లో మొదలు. ఇప్పుడు నడిపేది నాలుగో తరం. మరియా హోసే, మెర్సెదెస్ అని ఇద్దరు అక్కచెల్లెళ్లు అందులో ముందున్నారని తెలిశాక నాకు కొంచెం ఆసక్తి పెరిగిన మాట నిజం. వాకిట్లో ఒక వింత గాజు, లోహపు కట్టడం ఉంది. జహా హదీద్ అనే పెద్ద ఆర్కిటెక్టు చేసింది, 2006 నుంచి అక్కడుంది. దాని లోపల ఏముందనుకున్నారు? 1910లో బ్రస్సెల్స్ ఎగ్జిబిషన్‌లో ముత్తాత పెట్టిన చెక్క స్టాలు. ఎక్కడో మూలన పడున్న దాన్ని బాగుచేయించి, దాని చుట్టూ కొత్త కొట్టు కట్టించారు. నాన్న పాత గల్లాపెట్టె తమ్ముడు ఎవరికిచ్చాడో అడగాలని అక్కడే గుర్తొచ్చింది.

లోపల చూపించడానికి వచ్చిన అమ్మాయి మా దానికంటే నాలుగేళ్లు పెద్దదుంటుంది. ఇంగ్లీషు నిదానంగా మాట్లాడింది, నాకు హాయి. వీళ్లు ఎర్ర వైన్ కూడా చేస్తారు, అదే ఎక్కువ. కానీ ఈ ఇంటి పేరు చెప్పగానే జనం తలుచుకునేది తెల్లదాన్ని అంది. ఎందుకో దిగాక తెలిసింది.

తెల్ల వైన్ చేయడం వినడానికి సులువు. ఎర్రదానికి తొక్కతో సహా పులియబెడతారు, రంగూ వగరూ తొక్కలోంచి దిగుతాయి. తెల్లదానికి ముందే పళ్లు పిండి, తొక్క తీసేసి, రసం ఒక్కటే పులియబెడతారు. తొక్క లేదు కాబట్టి వగరు లేదు. వగరు లేదు కాబట్టి కాపలా లేదు. గాలి తగిలితే కోసిన ఆపిల్ ముక్కలా రంగు మారుతుంది. అందుకే లోకంలో చాలామంది తెల్ల వైన్‌ని స్టీలు ట్యాంకుల్లో చల్లగా పులియబెట్టి, గాలి తగలనీయకుండా కొన్ని నెలల్లోనే సీసాల్లోకి దించేస్తారు. కొన్నవాడు ఏడాది రెండేళ్లలో తాగేయాలి. ఇందులో తప్పేం లేదు, నిమ్మరసం అప్పటికప్పుడు తాగితేనే రుచి. 1970ల నుంచి ఈ ప్రాంతంలో కూడా చాలామంది ఆ దారే పట్టారు.

వీళ్లు పట్టలేదు. తోందోనియా అని వీళ్ల పెద్ద తోట, నది వంపు తిరిగిన చోట, వంద హెక్టార్లకి పైనే. పురుగు దెబ్బ తర్వాత 1913, 14లో నాటింది. అందులో తెల్ల పళ్లు రెండు రకాలు. వియురా తొంభై పాళ్లు, మల్వసియా పది పాళ్లు. వియురాకి గట్టి పులుపు. చేత్తో కోసి, పెద్ద ఓక్ తొట్టెల్లో పులియబెడతారు. ఈస్టు బయటినుంచి వేయరు, తోటలోంచీ గోడల్లోంచీ వచ్చిందే. ఆ తర్వాత 225 లీటర్ల పీపాల్లోకి పోస్తారు. పోసి ఊరుకుంటారు.

ఎంతకాలం? ఆ అమ్మాయి చెప్పినప్పుడు నేను సరిగ్గా వినలేదనుకుని మా దాన్ని అడిగాను. తోందోనియా తెల్లదాంట్లో 'రెసెర్వా' అనేది ఆరేళ్లు పీపాలో ఉంటుంది. మంచి పంట వచ్చిన ఏళ్లలో మాత్రమే చేసే 'గ్రాన్ రెసెర్వా' పదేళ్లు. అక్కడి చట్టం అడిగేది ఆరు నెలలే! పీపాలోంచి తీశాక సీసాలో మళ్లీ కొన్నేళ్లు. అప్పుడు అమ్మకానికి.

పదేళ్లు. గోడౌన్‌లో. తెల్లది.

మెట్లు దిగాం. మన పల్నాటి వైపు జొన్నలు దాచే పాతర్లు ఉండేవి కదా, ఇది పాతరే. కాకపోతే కొండరాయి తొలిచి, రైలు సొరంగం అంత పొడుగున. పన్నెండు డిగ్రీల చలి, ఏడాదంతా అంతే. ఆ రోజు గుంటూరులో నలభై మూడు అని ఉదయమే మా ఆయన చెప్పాడు. గోడల మీద నల్లటి మెత్తటి బూజు, వెల్వెట్ గుడ్డ పరిచినట్టు. పైనుంచి బూజు తెరలు వేలాడుతున్నాయి. రెండిటినీ మనం బూజనే అంటాం. సంక్రాంతి ముందు వెదురు కర్రకి చీపురు కట్టి మూలమూలా దులిపే ఇంట్లో పెరిగినదాన్ని, నాకు చేతులు దురదపెట్టాయి. వాళ్లు కావాలనే దులపరట. బిరడాలు తొలిచే చిమ్మెటలు ఉంటాయి, సాలీళ్లు వాటిని తింటాయి. సాలీడుకి జీతం లేదు, సెలవు లేదు.

అన్నిటికంటే పాత సీసాలు పెట్టే గదిని వాళ్లు 'సెమెంతేరియో' అంటారు. అంటే శ్మశానం. ముచ్చటగానే చెప్పింది ఆ పిల్ల. మన దగ్గర గోడౌన్‌కి ఆ పేరు పెడితే ఒక్క హమాలీ గడప దాటడు.

పీపాలు పన్నెండు వేలకి పైనే ఉన్నాయి. అమెరికా నుంచి ఓక్ చెక్క తెప్పించుకుని అక్కడే, సొంత వడ్రంగులతో చేయించుకుంటారు. పాడైతే అక్కడే బాగుచేస్తారు. పాత పీపాలే కావాలి వాళ్లకి. కొత్త చెక్కైతే వైన్‌కి చెక్క రుచి వస్తుంది. వాళ్లకి కావలసింది చెక్క సందుల్లోంచి కాస్త కాస్తగా లోపలికి వచ్చే గాలి. నేను అక్కడ ఆగిపోయి ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకున్న సంగతి ఇదే. తెల్ల వైన్‌కి గాలి శత్రువని కదా అందరూ ట్యాంకు మూత బిగిస్తారు, మరి వీళ్లది ఎందుకు పాడవదు? ఆమె చెప్పిందీ, ఇంటికొచ్చాక నేను చదివిందీ కలిపితే ఇది. గాలి తగిలి గోధుమరంగుకి తిరిగే గుణం రసంలో ఎంతుందో అది మొదటి ఏళ్లలోనే మెల్లగా తిరిగి, మడ్డిగా అడుక్కి దిగిపోతుంది. తర్వాత మిగిలిన తేటకి గాలంటే అంత బెదురు ఉండదు. దానికి తోడు పులుపు కాపాడుతుంది. అంటే దాచిపెట్టి కాపాడటం కాదు, కొద్దికొద్దిగా అలవాటు చేసి గట్టిపరచడం. మా బియ్యం అచ్చం ఇంతే అనను. కానీ గోనె సంచిలో బియ్యం కూడా గాలి పీలుస్తూనే పాతబడతాయి.

ఏడాదికి రెండుసార్లు ప్రతి పీపాలోంచీ తేటని ఇంకో పీపాలోకి వంపుతారు, మడ్డి అడుగునే వదిలేసి. పదేళ్లకి ఇరవైసార్లు. చేత్తో. చివర్లో ఇంకా ఏమైనా నలక ఉంటే తేరడానికి గుడ్డులోని తెల్లసొన గిలకొట్టి పోస్తారు, అది నలకని పట్టుకుని కిందికి దిగుతుంది. తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో కాలవ నీళ్లకి ఇండుపగింజ అరగదీసి కలిపేవాళ్లు, తెల్లారేటప్పటికి బిందెలో అద్దంలాంటి నీళ్లు. అదే పని. కాకపోతే గుడ్డు. మా ఇంట్లో కోడిగుడ్డు గడప దాటి రాదు. నేను మాట్లాడకుండా తలూపాను. మా అమ్మాయి నన్ను చూసి నవ్వు ఆపుకుంటోంది.

ఇక నేను ఉండబట్టలేకపోయాను. "వడ్డీ ఎవరు కడతారు?" అని అడిగాను.

ఆ పిల్లకి అర్థం కాలేదు. మా అమ్మాయి స్పానిష్‌లో ఏదో చెప్పింది, అదీ తికమకపడింది. నేను ఫోన్ తీసి లెక్క వేసి చూపించాను. నూటికి రూపాయి వడ్డీ అనుకోండి, బజారులో తక్కువ వడ్డీ అది. ఏడాదికి పన్నెండు. ఏడాదికోసారి వడ్డీని అసలులో కలిపితే, ఆరేళ్లు ఆపిన నూరు రూపాయల సరుకుకి అసలుతో కలిపి పడే ఖర్చు నూట తొంభై ఏడు. పదేళ్లకి మూడొందల పది. ఒక పీపా అంటే మూడొందల సీసాలు. చెక్కలోంచి ఆవిరయ్యేది వేరు, ఇరవైసార్లు వంపిన కూలి వేరు, ఈ పాతర అద్దె వేరు. సీసాకి మూడింతల ధర పలికినా మీకు మిగిలింది సున్నా, అన్నాను. యూరోపులో వడ్డీలు అంతుండవు, నాకు తెలుసు. అయినా లెక్క లెక్కే.

ఆమె ఆలోచించి, ఈ ఏడు అమ్మే వైన్ డబ్బుతో ఈ ఏడు పోసిన వైన్‌ని ఆపుతాం, అలా నడుస్తుంది అంది. ఎవరో ఒకరు మొదటిసారి ఆపారు, ఇప్పుడు మేం వరస తెగనివ్వకపోతే చాలు.

నాకు కాళ్లు కొంచెం వణికాయి, చలి వల్లే అనుకుందాం. నేను నెల రోజులుగా తమ్ముడితో పోట్లాడుతున్నది ఏమిటో నాకే తెలియలేదు. పాత బియ్యం రుచి గురించి మాట్లాడాను, నాన్న పేరు గురించి మాట్లాడాను. అసలు సంగతి వరస. ఆపిన సరుకు అమ్మేస్తే ఆ ఏడు చేతినిండా డబ్బు కనిపిస్తుంది. లాభంలానే ఉంటుంది, పుస్తకంలో కూడా లాభమనే రాయాలి, నేనే రాశాను. నిజానికి అది తాతయ్య ఎప్పుడో ఒక సంక్రాంతికి కడుపు కట్టుకుని మొదటిసారి ఆపిన డబ్బు. అది మూడు తరాలు చేతులు మారుతూ వచ్చింది. ఒక్కసారి ఖర్చుపెడితే మళ్లీ ఆపడానికి ఎవరో ఒకరు మళ్లీ కడుపు కట్టుకోవాలి. మాకైతే ఒక ఏడాది. ఆరోలో ఎవరైనా అలా చేస్తే పదేళ్లు. పెట్టుబడి పెట్టిన బయటివాళ్లకి మూడు నెలలకోసారి జవాబు చెప్పాల్సిన కంపెనీ అయితే ఈ వరస ఎప్పుడో తెగేది. అలాగని కుటుంబం అయితే తెగదనీ కాదు. మాది తెగింది కదా.

చివర్లో రుచి చూపించారు. నాకు ముందు వద్దనిపించింది, గుడ్డు వల్ల కొంత, అమ్మ వల్ల కొంత. తీరా గ్లాసులో పోశాక రంగు చూసి చేయి చాపాను. ఆముదం కాదు, తేనె కాదు, పాత ఇత్తడి చెంబు చింతపండుతో తోమినప్పటి రంగు. సీసా మీద పన్నెండేళ్ల కిందటి సంవత్సరం. మా అమ్మాయి ఏడో తరగతిలో లెక్కల ట్యూషన్‌కి ఏడుస్తూ వెళ్లిన ఏడు కోసిన పళ్లు.

మొదటి గుక్క నచ్చలేదు. తియ్యగా ఉంటుందనుకున్నాను, చక్కెర అన్నదే లేదు. మూసిన బీరువా తెరిచిన వాసన. రెండో గుక్క అయిదు నిమిషాలాగి తీసుకున్నాను. ఈలోపు గ్లాసులో ఏదో జరిగింది. తేనెపట్టు మైనం, వేయించిన బాదం, ఎండబెట్టిన కమలా తొక్క. అన్నిటి వెనకా పులుపు, కత్తిలా, ఇంకా అట్టాగే ఉంది. మూడేళ్లు జాడీలో ఉండి నల్లబడ్డ నిమ్మకాయ పచ్చడి తిన్నవాళ్లకి అర్థమవుతుంది. ఉప్పూ పులుపూ కొట్లాట మానేసి ఒక్కటైపోయిన స్థితి. మూడో గుక్క అడగలేదు. సీసా ఒకటి మా అమ్మాయి కొనుక్కుంది. ధర చెప్పను, ఈ బ్లాగు తమ్ముడు చదువుతాడు.

ఆ రాత్రి వీడియో కాల్‌లో అమ్మ. 1995 జనవరిలో ఎన్టీఆర్ మద్యనిషేధం పెట్టిన రోజు మా వీధిలో మొదటి కొబ్బరికాయ కొట్టిన మనిషి. మనవరాలు అప్పటికే అంతా చెప్పేసినట్టుంది.

"తాగావంటగా."

"రెండు గుక్కలమ్మా."

కాసేపు మాట లేదు. తర్వాత, "గుడ్డు కూడా వేస్తారంటగా" అంది. గొంతులో బాధ ఈసారి నిజంది. అది అడుక్కి దిగిపోతుందని, తేటలో ఏమీ ఉండదని ఇండుపగింజ కథంతా చెప్పాను. "గింజ వేరు, గుడ్డు వేరు" అని ఫోన్ పెట్టేసింది.

జూన్‌లో తిరిగొచ్చాక చేసిన మొదటి పని, నాన్న పాత ఖాతా పుస్తకాలు దించడం. ఎర్ర అట్టవి, దారం కట్టినవి, పద్దెనిమిది ఉన్నాయి. నాన్న వడ్డీ లెక్కలో రాక్షసుడు. అప్పిచ్చిన ప్రతి రూపాయికీ, తెచ్చిన ప్రతి రూపాయికీ రోజులు లెక్కగట్టి కుడివైపు గడిలో రాసేవాడు. మిల్లువాళ్లకి పదకొండు రోజుల ఆలస్యానికి కూడా. ప్రతి ఏడూ సంక్రాంతి తర్వాత 'ఆపిన సరుకు' అని ఒక పద్దు. బస్తాలు, ధర, మొత్తం. వడ్డీ గడిలో మాత్రం ఒక అడ్డగీత. పద్దెనిమిది పుస్తకాల్లోనూ గీతే. ఇన్నేళ్లూ చూశాను, మర్చిపోయాడేమో అనుకున్నాను. మర్చిపోయేవాడు కాదని తెలిసి కూడా.

అమ్మని అడిగాను. "ఆ డబ్బు మీ తాతది, గోడౌన్ మనది. ఎవరికి రాయాలి వడ్డీ?" అంది, అదేం ప్రశ్న అన్నట్టు.

నేను అమ్మతో పూర్తిగా ఏకీభవించను. రాయనంత మాత్రాన ఖర్చు లేనట్టు కాదు. ఆ గీత వెనక నాకు రెండేళ్లు వాయిదా పడ్డ ఇంజనీరింగ్ సీటు ఉంది, చివరికి బీకాం అయింది. అమ్మ చెవులకి దిద్దులు మారని పదిహేనేళ్లు ఉన్నాయి. మెచ్చుకునేవాళ్లెవరూ ఇవి చూడరు. ఆరోలో కూడా ఎవరో ఒకరి దిద్దులు ఉండే ఉంటాయి, గైడ్ పిల్లకి తెలిసే అవకాశం లేదు.

పుస్తకం తీసుకెళ్లి తమ్ముడి ముందు పెట్టాను. ఏమీ అనలేదు, వేలు పెట్టి గీతలు చూపించాను. వాడు నాలుగైదు పుస్తకాలు తిప్పాడు. "మిల్లు వాటా వెనక్కి రాదక్కా" అన్నాడు. వెనక్కి తెమ్మనలేదు అన్నాను. స్టీమ్ బియ్యం అమ్ముకో, మిల్లు నడుపుకో, కొట్టు ముందువైపంతా నీ ఇష్టం. వెనక గోడౌన్‌లో ఒక మూల నాకివ్వు. చాలాసేపు బేరం నడిచింది. నేను నూరు బస్తాలన్నాను, వాడు పాతిక అన్నాడు. నలభై దగ్గర తెగింది. డబ్బు సగం వాడు, సగం నేను, నా ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి తీసి. జూన్ కాబట్టి అప్పటికే అయిదు నెలలు మిల్లులో నిలవున్న బీపీటీ దొరికింది.

కొత్త పుస్తకంలో పద్దు నేనే రాశాను. వడ్డీ గడి దగ్గర కలం ఆగింది. చివరికి అంకె వేశాను, నెలనెలా వేస్తున్నాను. నాన్నలా గీత గీసే మనసు నాకు లేదు, బీకాం చదివాను కదా.

చల్లటి పాతర మాకు లేదు. గుంటూరు రేకుల గోడౌన్‌లో వేసవికి బియ్యం తొందరగా పాతబడతాయి, అంతకంటే తొందరగా పురుగు పడతాయి. బస్తాలు నేలకి తగలకుండా చెక్కల మీద పేర్చాం, గోడకి మూరెడు దూరంలో. వేపాకు ఎండబెట్టి సందుల్లో వేశాను. అది పురుగుకంటే నా తృప్తికే ఎక్కువ పనికొస్తుందని తమ్ముడి ఉద్దేశం. సాలీళ్లని మాత్రం ఈసారి దులపొద్దని హమాలీలకి చెప్పాను. అందరూ నన్ను వింతగా చూశారు.

నిన్న మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, కింది వరసలో రెండు బస్తాలకి ముక్కుపురుగు పట్టింది. ఏం చేద్దాం, అమ్మేద్దామా?"

జల్లెడ తీసి ఉంచు, వస్తున్నా అన్నాను.